పాలబంధువుల పుస్తకంలో దోర్రా

స్ఫాక్స్
4 మార్చి 1996, సోమవారం

ఎమ్నాకు,

నువ్వూ, అనీస్, పసివాడూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

ఈ వారం ఉత్తరం రాయాల్సిన వంతు నీది. అయినా నేనే రాస్తున్నాను. నిన్న పక్కింటి ఫౌజియా బిజెర్త్‌లో పెళ్ళి చూసుకుని తిరిగొచ్చింది. చెప్పులు విప్పకముందే, "మీ మనవరాలు చెరో పక్కా ఒక బిడ్డను వేసుకుని పాలిస్తోంది లెల్లా, కవలలని మాకు చెప్పనేలేదేం?" అంది. నీకు నవంబరులో పుట్టింది ఒక్క బిడ్డ, హైథమ్. రెండో బిడ్డ శిశుగృహం నుంచి వచ్చిన పిల్ల అయి ఉండాలి. శాశ్వతంగా పెంచుకునే దంపతులు దొరికేదాకా ఒక పాపను మీ ఇంట్లో ఉంచుకుంటామని డిసెంబరులో రాశావు. మంచి పనే. ఆ పాపకు పాలిస్తున్నావని మాత్రం రాయలేదు.

పుస్తకం సంగతి నువ్వు మరిచిపోయి ఉంటావు. 1943లో బాంబులు పడి ఊరు ఖాళీ అయినప్పుడు అందరం ఆలివ్ తోటల్లో ఉన్నాం. పాలింకిపోయిన తల్లులున్నారు, తల్లుల్లేని బిడ్డలున్నారు. ఎవరి బిడ్డను ఎవరు దగ్గరికి తీసుకున్నారో ఆనాడు పట్టించుకున్నవాళ్ళు లేరు. మా అమ్మ ఒక్కతే రాసి పెట్టింది. మన ధర్మం ప్రకారం ఒకే స్త్రీ పాలు తాగినవాళ్ళు తోబుట్టువులు, వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు. 1967లో మన వీధిలో ఒక పెళ్ళికి గోరింట కూడా కలిపాక, వధూవరులిద్దరికీ ఒకే ఆమె పాలిచ్చిందని ఒక ముసలామెకు గుర్తొచ్చింది. పెళ్ళి ఆగిపోయింది. ఆ పిల్ల మళ్ళీ ఎవరినీ చేసుకోలేదు. యుద్ధంలో వాళ్ళు తలదాచుకున్న తోట వేరు కాబట్టి ఆ సంగతి మా అమ్మ పుస్తకంలోకి ఎక్కలేదు. అప్పటి నుంచి ఎక్కడెక్కడివీ అడిగి రాస్తున్నాను. ఇప్పటికి అరవై ఒక్క పేర్లున్నాయి.

మొదటిసారి ఎప్పుడు ఇచ్చావు, రోజుకు ఎన్నిసార్లు, కడుపునిండా తాగుతుందా, శిశుగృహం వాళ్ళకు తెలుసా, ఇవన్నీ రాయి. ఒక్క గుక్క తాగినా చాలని మనవైపు పెద్దలంటారు, అయిదుసార్లు తాగాలని ఇంకొందరంటారు. ఏదైనా నాకు లెక్క కావాలి.

ఫోన్ చేయకు. ఫోన్లో చెప్పిన మాటకు తేదీ ఉండదు, నా చెవులూ సరిగా పనిచేయడం లేదు.

నీ నాయనమ్మ,
మన్నూబియా


బిజెర్త్
12 మార్చి 1996

లెల్లాకు,

మీ చేతులకు ముద్దులు. ఫౌజియాకు నా తరఫున ఏమీ చెప్పకండి, ఏం చెప్పినా అది ఊరంతా తిరిగి నా దగ్గరికే వస్తుంది.

పాప పేరు దోర్రా. శిశుగృహంలో పెట్టిన పేరు. డిసెంబరు 22న వచ్చింది, అప్పటికి అయిదు నెలలు. రెండు రోజులు సీసా నోట్లో పెట్టుకోలేదు. ఎవరి ముఖమూ చూసేది కాదు. మూడోరోజు పొద్దున నేను హైథమ్‌కు పాలిస్తుంటే చాపమీద పడుకుని మావైపు తల తిప్పింది. మా ఇంట్లో ఆమె దేనివైపైనా తల తిప్పడం అదే మొదలు. వాణ్ణి దించి ఆమెను ఎత్తుకున్నాను. ఆలోచించలేదు లెల్లా. ఆలోచించి ఉంటే ముందు మీకే రాసేదాన్ని.

అంటే డిసెంబరు 24 నుంచి ఈరోజు దాకా, రోజుకు నాలుగుసార్లు. గుణకారం మీరే చేసుకోండి. కడుపునిండానే తాగుతుంది. తాగుతున్నంతసేపూ నా జడ చివర గుప్పిట్లో పట్టుకుని ఉంటుంది, వదిలించడానికి ఒక్కో వేలూ తియ్యాలి. శిశుగృహం నుంచి నెలకోసారి వచ్చే సోనియాకు తెలుసు. ఆమె వద్దనలేదు.

మా ఇల్లు పాల సహకార సంఘం అయిందని అనీస్ ఎగతాళి. వాకిట్లో బోర్డు కూడా కడతాడట.

మీ ఎమ్నా


స్ఫాక్స్
18 మార్చి 1996

ఎమ్నాకు,

ఎనభై రోజులు, మూడు వందల ఇరవైసార్లు. ఎవరి లెక్క ప్రకారం చూసినా దోర్రా ఇప్పుడు హైథమ్‌కు పాలక్క. అరవై రెండో వరుసలో రాశాను. అనీస్‌కు బోర్డు కట్టే తీరిక ఉంటే ముందు కారుతున్న మీ వంటింటి పైకప్పు చూడమను.

ఇక నా మాట విను. అది వెళ్ళిపోయే పిల్ల. నువ్విచ్చే ప్రతి పూటా ముడి ఇంకొంచెం బిగుస్తుంది. ఆ ముడిని రేపు ఎవరో ఒకరు తెంచాలి. తెగేది నీ దగ్గర కాదు, దాని దగ్గర. కాబట్టి పాలు మాన్పించు. సీసా అలవాటు చెయ్యి. అది కూడా ఎప్పుడూ నువ్వే పట్టవద్దు. ఒక పూట అనీస్, ఒక పూట పక్కింటామె, ఒక పూట నువ్వు. ఏ ఒక్కరూ మరీ దగ్గర కాకపోతే, వెళ్ళేటప్పుడు దానికి ఎవరి మీదా బెంగ ఉండదు.

కఠినంగా ఉందని నాకు తెలుసు. నలభై ఏళ్ళు పిల్లల మధ్య పనిచేశాను. తెలిసే చెబుతున్నాను.

మన్నూబియా


బిజెర్త్
2 ఏప్రిల్ 1996

లెల్లాకు,

మీ చేతులకు ముద్దులు.

మీరు చెప్పినట్టే చేశాను. మార్చి 22న పాలు మాన్పించాను. మూడు రోజులు బాగా ఏడ్చింది. తర్వాత తగ్గింది. ఎనిమిదో రోజు నుంచి అసలు ఏడవడం లేదు. సీసా ఎవరు పట్టినా తాగుతుంది. పడుకోబెడితే పడుకుంటుంది, కూర్చోబెడితే కూర్చుంటుంది. జడ పట్టుకోవడం మానేసింది.

పక్కింటి సల్వా, "ఇంత బుద్ధిమంతురాల్ని ఎక్కడా చూడలేదు, మావాణ్ణి కూడా మీ నాయనమ్మ దగ్గరికి పంపిస్తాను" అంటోంది.

హైథమ్‌కు పంటి చిగుళ్ళు వాచాయి.

ఎమ్నా


స్ఫాక్స్
9 ఏప్రిల్ 1996

ఎమ్నాకు,

నీ ఉత్తరంతో మనసు కుదుటపడింది. ఎనిమిది రోజుల్లో అలవాటు కావడం నేననుకున్నదానికన్నా త్వరగానే అయింది. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశావు కాబట్టే అయింది. ఏడవని బిడ్డ నిశ్చింతగా ఉన్న బిడ్డ.

ఫౌజియా మేనల్లుడు అటు వస్తున్నాడు, అతనితో బ్సీసా పిండి రెండు డబ్బాలు పంపుతున్నాను. ఆలివ్ నూనెలో కలిపి దోర్రాకు పెట్టు. సోపు గింజలు తక్కువ వేశాను. హైథమ్ చిగుళ్ళకు చల్లటి చెంచా ఇవ్వు, ఫౌజియా చెప్పే మందులేమీ పూయకు.

మన్నూబియా


బిజెర్త్
17 ఏప్రిల్ 1996

లెల్లాకు,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చించేశాను.

పదకొండో తేదీన సోనియా వచ్చింది. దోర్రాను చాపమీద కూర్చోబెట్టి, నన్ను గది బయటికి వెళ్ళి కాసేపాగి రమ్మంది. వెళ్ళాను, వచ్చాను. దోర్రా నేను వెళ్ళడమూ చూడలేదు, రావడమూ చూడలేదు. గోడవైపు చూస్తూ ఉంది. సోనియా ఇంకోసారి వెళ్ళి రమ్మంది. మళ్ళీ అంతే. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని అడిగింది. రెండు వారాలుగా చాలా బుద్ధిగా ఉందని నేను గొప్పగానే చెప్పాను.

"అది బుద్ధి కాదు ఎమ్నా," అంది. "పిలిచి పిలిచి, ఎవరూ రారని తెలుసుకుని ఊరుకుంది."

తర్వాత చాలాసేపు కూర్చుని చెప్పింది. పిల్లలు ముందు ఒక్కరిని గట్టిగా నమ్మాలట. అలా నమ్మిన పిల్లను ఇంకొకరి చేతికి జాగ్రత్తగా అందించవచ్చట. కొన్నాళ్ళు ఏడుస్తుంది, ఆ తర్వాత ఆ రెండో మనిషిని కూడా అలాగే నమ్ముతుంది. ఎవరినీ నమ్మని పిల్లను ఎవరికి అందించినా సామాను అందించినట్టే ఉంటుందట. నేను పెంచుతున్నది నా కోసం కాదని నాకు తెలుసు. రాబోయే తల్లి కోసమే ఆ నమ్మకాన్ని పెంచి ఉంచాలన్నది మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ పూటే దగ్గరికి తీసుకున్నాను. ముఖం తిప్పేసుకుంది. మూడు రోజులు అంతే, పరాయి మనిషిని చూసినట్టు చూసింది. నాలుగో రోజున తాగింది, కానీ చేతులు రెండూ తన ఒళ్ళోనే పెట్టుకుంది. నిన్న ఉప్పు తేవడానికి వంటింట్లోకి వెళ్ళాను. వెనక నుంచి ఇల్లెగిరిపోయేలా ఏడుపు. అనీస్ పరుగెత్తుకొచ్చి, "ఏడుస్తోంది, ఎమ్నా, నీకోసమే ఏడుస్తోంది" అని చప్పట్లు కొట్టాడు. సల్వా గోడమీంచి చూసి మాకు మతిపోయిందనుకుంది.

మీ మీద కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. నా మీద నాకున్న కోపం అంతకన్నా ఎక్కువ. ఏప్రిల్ రెండున మీకు రాసినప్పుడే నాకు ఏదో తప్పు అనిపించింది. రాయలేదు.

ఎమ్నా


స్ఫాక్స్
24 ఏప్రిల్ 1996

ఎమ్నాకు,

తప్పు నాది. మార్చి 22 నుంచి ఏప్రిల్ 11 దాకా, ఇరవై ఒక్క రోజులు. పుస్తకంలో దోర్రా పేరు పక్కన అదీ రాశాను, నా పేరుతో సహా.

1961లో మా బడి వసతిగృహానికి జెర్బా దీవి నుంచి తొమ్మిదేళ్ళ పిల్ల వచ్చింది. తల్లి పోయి నెల కూడా కాలేదు. వచ్చిన రోజు నుంచి ఒక్కసారి ఏడవలేదు, ఎవరినీ ఏదీ అడగలేదు, పక్క నలగకుండా పడుకునేది. ఏడాది చివర సత్ప్రవర్తన బహుమతి నా చేతులతో ఇచ్చాను. తీసుకుంది, నా ముఖం వైపు చూడలేదు. వినయమనుకున్నాను. నీ ఉత్తరం చదివాక ఆ పిల్ల ముఖం గుర్తు తెచ్చుకుందామని కూర్చున్నాను. గుర్తు రాలేదు. నేనూ ఆమెను చూడలేదన్నమాట.

నేను ఎవరినీ తేలిగ్గా మెచ్చుకోనని నీకు తెలుసు. ముఖం తిప్పేసుకున్న బిడ్డను మళ్ళీ మళ్ళీ ఎత్తుకోవడం, అదీ రేపు ఇంకొకరి చేతిలో పెట్టడానికే అని తెలిసి ఎత్తుకోవడం నా వల్ల అయ్యే పని కాదు. నువ్వు చేశావు. చప్పట్లు కొట్టిన అనీస్‌ను ఈసారికి నేనేమీ అనను.

సోనియా చెప్పే సంగతులు ఇకనుంచి నాకు వివరంగా రాయి. డెబ్భై మూడేళ్ళకు కొత్త పాఠం మొదలుపెట్టాను, నోట్సు సరిగా ఉండాలి.

బక్రీద్ పండగ మాంసంలో నా వాటా మీరే తినండి.

మన్నూబియా


బిజెర్త్
20 జూన్ 1996

లెల్లాకు,

చేతులకు ముద్దులు.

దోర్రాకు అమ్మానాన్నలు దొరికారు. నాబుల్ ఊరివాళ్ళు, నజెహ్, మొన్సెఫ్. కుండలు చేసి అమ్ముకునే దుకాణం ఉంది. తొమ్మిదేళ్ళుగా ఎదురుచూస్తున్నారట. మంచివాళ్ళు. మొన్సెఫ్ దోర్రాను చూసి తన చేతులకు మట్టి ఉందేమోనని మూడుసార్లు చూసుకున్నాడు.

నేను పాలిచ్చానని సోనియా చెప్పగానే నజెహ్ ముఖం వాడిపోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. పిల్లను ఒక్కరోజులో తీసుకెళ్ళిపోతానని, ఆపైన మా ఇంటి నుంచి ఉత్తరాలు గానీ రాకపోకలు గానీ ఉండకూడదని అడిగిందట. ఏడాది పిల్ల కాబట్టి నెల తిరిగేసరికి మరిచిపోతుందని ఆమె ఆశ. సోనియా వాదించింది. శిశుగృహం ఆఫీసువాళ్ళు నజెహ్ మాటే విన్నారు. జూలై 12న వచ్చి తీసుకెళ్తారు.

నేను ఒప్పుకున్నాను. ఆమె తల్లి, నేను కాదు. కానీ ఇప్పుడు దోర్రా నేను పక్క గదిలోకి వెళ్తే పాకుతూ వెనకే వస్తుంది. ఒక్కరోజులో నేను లేకుండా పోతే మళ్ళీ ఆ గోడవైపు చూపులోకి వెళ్ళిపోతుందని భయంగా ఉంది. ఈసారి తిరిగి వస్తుందో రాదో.

మీరేమీ చేయకండి లెల్లా. నజెహ్ బెదిరిపోయి వద్దంటే దోర్రాకు ఆ ఇల్లు పోతుంది. ఇంకో ఇల్లు ఎప్పుడు దొరుకుతుందో ఎవరికీ తెలియదు.

ఎమ్నా


బిజెర్త్
3 జూలై 1996

లెల్లాకు,

ఏం చేశారు మీరు?

నిన్న ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. స్ఫాక్స్ నుంచి ఒక పెద్దావిడ చేతిలో పుస్తకం పట్టుకుని నాబుల్ వెళ్ళిందట. ఆవిడ ఉండగానే నజెహ్ పట్టపగలు దుకాణం తలుపులు వేసుకుని ఏడ్చిందని ఎవరో చెప్పారట. పన్నెండో తేదీ వద్దు, వాయిదా వేయండని నజెహ్ అడిగిందట. కారణం చెప్పలేదు.

పాలిచ్చాం కాబట్టి పిల్ల మీద మాకు హక్కుందని మీరు అడగడానికి వెళ్ళారని ఆఫీసులో అనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకుంటున్నాను. ఏమీ చేయవద్దని రాశాను కదా. ఒకసారి మీ మాట విని దోర్రాను పోగొట్టినంత పని చేశాను. ఇప్పుడు నేను వినకపోయినా మీరే స్వయంగా వెళ్ళారు.

ఎమ్నా


స్ఫాక్స్
7 జూలై 1996

ఎమ్నాకు,

నీ కోపం న్యాయమైనదే. వెళ్ళేముందు నీకు రాసి ఉండాల్సింది. రాస్తే వద్దంటావని రాయలేదు. ఏం జరిగిందో చెబుతాను, తర్వాత తిట్టు.

జూన్ 29 శనివారం పొద్దున రైలెక్కి, ఆపైన షేర్ టాక్సీలో నాబుల్ చేరాను. దుకాణంలో నజెహ్ ఒక్కతే ఉంది. నన్ను కొనడానికి వచ్చిన మనిషి అనుకుని కుర్చీ వేసింది. నేనెవరినో చెప్పగానే చేతిలో ఉన్న పళ్ళెం కింద పెట్టేసి, "పిల్లను వెనక్కి అడగడానికి వచ్చారా హాజ్జా?" అంది.

"కాదమ్మా. నీ పూర్తి పేరు రాసుకోవడానికి వచ్చాను," అన్నాను.

పుస్తకం తెరిచి చూపించాను. ప్రతి వరుసలో మూడు గడులు: బిడ్డ, తల్లి, పాలిచ్చిన స్త్రీ. అరవై ఒక్క వరుసల్లో ఎక్కడా పాలిచ్చిన ఆమె కోసం తల్లి పేరు కొట్టేసి లేదు. అరవై రెండో వరుసలో తల్లి గడి మార్చి నుంచి ఖాళీగా ఉంది. అది నీ పేరుతో నింపే గడి కాదని, ఆమె పేరు కోసమే ఉందని చెప్పాను. ఆమె ఏడ్చింది అప్పుడు. తలుపు వేసింది నేను, ఆమె కాదు. బజారు జనం తొంగిచూస్తున్నారు.

కాసేపటికి అసలు మాట బయటపెట్టింది. "ఆమెను మరిచిపోకపోతే నన్ను దగ్గరికి ఎలా రానిస్తుంది?"

దానికి నేను పుస్తకంలో ఇరవై ఒక్క రోజుల గురించి రాసింది చదివి వినిపించాను. "మేము మరిపించి చూశామమ్మా. నేనే చేయించాను. అప్పుడు అది ఎమ్నా దగ్గరికే కాదు, ఎవరి దగ్గరికీ రాలేదు. మీ ఇంటికి అలాంటి పిల్ల రావాలా, ఏడ్చి చేతులు చాచే పిల్ల రావాలా, నువ్వు చెప్పు," అన్నాను.

మొన్సెఫ్ భోజనానికి వచ్చాడు. అంతా విని, పుస్తకం పేజీలు తిప్పి, "తొమ్మిదేళ్ళు మా ఇంట్లో ఇద్దరమే. ఇప్పుడు మా పిల్లకు తమ్ముడు, మేనమామలు, ముత్తవ్వ. లెక్కకు పుస్తకం కావాల్సి వచ్చింది," అన్నాడు. ఆ పిల్ల రక్తం వైపు వాళ్ళు ఎవరో మనకెవరికీ తెలియదు. పాలవైపు వాళ్ళెవరో తెలుసు. పెద్దయ్యాక నేనెవరిదాన్నని అడిగితే చూపించడానికి కొందరైనా ఉంటారు. వాళ్ళను కూడా దాచేస్తే, రేపు హైథమే ఎదురుపడి తమ్ముడని తెలియకపోతే, ఆ పాపం ఎవరిదని నజెహ్‌ను అడిగాను. ఆమె నాకు రెండోసారి చేపల కుస్‌కుస్ వడ్డించింది.

ఆమె వాయిదా అడిగింది వద్దనడానికి కాదు. ముందు మీ ఇంట్లో కొన్నాళ్ళు ఉండి, దోర్రాకు అలవాటై, అప్పుడు తీసుకెళ్తానని. నిన్ను ఎలా అడగాలో తెలియక, ఆఫీసుకు కారణం చెప్పలేకపోయింది. నీ ముందర సిగ్గుపడుతోంది. నువ్వే పిలవాలి.

ముందు ఆమెకు ఒక గది ఖాళీ చేయించు. నన్ను తర్వాత తిట్టవచ్చు, ఆమె ప్రయాణం ఆగకూడదు.

మన్నూబియా


బిజెర్త్
6 ఆగస్టు 1996

లెల్లాకు,

చేతులకు, నుదుటికి, పుస్తకానికి ముద్దులు. జూలై మూడున నేను రాసిన ఉత్తరం దాచి ఉంటే చింపేయండి. చింపరని తెలుసు.

నజెహ్ జూలై 15న వచ్చింది. మొదటి వారం సోనియా ఆమెను ఏమీ చేయనివ్వలేదు. నేను తినిపిస్తుంటే పక్కన కూర్చోవడం, నేను స్నానం చేయిస్తుంటే తువ్వాలు పట్టుకోవడం, అంతే. తొమ్మిదేళ్ళు ఆగిన మనిషికి తువ్వాలు పట్టుకుని నిలబడటం ఎంత కష్టమో నేను చూశాను. ఒక్కసారి కూడా నా చేతిలోంచి లాక్కోలేదు. రెండో వారంలో ఆమె తినిపించింది, నేను పక్కన కూర్చున్నాను. మూడో వారంలో ఆమె నిద్రపుచ్చింది, నేను గుమ్మం దగ్గర ఉన్నాను. ఇప్పుడు పాలు పొద్దున ఒక్కపూటే మిగిలాయి. అప్పుడు కూడా నజెహ్ నా పక్కనే కూర్చుని దోర్రా పాదం పట్టుకుని ఉంటుంది.

అనీస్‌కూ ఆమెకూ ఒక్క క్షణం పడదు. "మీ బిజెర్త్ హరీసా కారం జ్వరమొచ్చినవాళ్ళకు పెట్టుకోవచ్చు" అంటుంది. ఆమె పాడే జోలపాటకు పిల్లలు భయపడి నిద్ర నటిస్తున్నారని అంటాడు ఇతను. మౌలిద్ పండగకు ఇద్దరూ కలిసి దేవదారు గింజల అసీదా పాయసం వండారు, అడుగంటింది, తప్పు నీదంటే నీదనుకున్నారు.

పదకొండో రోజున దోర్రా నిలబడబోయి బల్ల కోడు తగిలి పడింది. నేను దగ్గరగా ఉన్నాను, నజెహ్ దూరంగా ఉంది. నేను సగం లేచాను. లేచి, కూర్చున్నాను. లెల్లా, నేను జీవితంలో చేసిన కష్టమైన పని అదే. నజెహ్ వచ్చి ఎత్తుకుంది. దోర్రా ఆమె భుజం మీంచి నావైపు చూసింది. వెళ్ళవచ్చని చెబుతున్నట్టు తల ఊపాను. అప్పుడు తల వాల్చి నజెహ్ మెడలో ముఖం పెట్టుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రం నజెహ్ అంట్లు తోముతూ నావైపు చూడకుండానే, "నువ్వు లేవలేదు. నేను చూశాను," అంది.

పదో తేదీన వెళ్తున్నారు. దోర్రాను ఎలా సిద్ధం చేయాలో సోనియా అంతా చెప్పింది. నజెహ్‌ను ఎలా సిద్ధం చేయాలో కూడా చెప్పింది. పదకొండో తేదీన నేనేం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మీరు చెప్పండి. అంకెలు వేసి చెప్పండి, లేకపోతే నాకు ఎక్కదు.

ఎమ్నా


స్ఫాక్స్
15 ఆగస్టు 1996, గురువారం

ఎమ్నాకు,

ఈరోజు నజెహ్ ఉత్తరం వచ్చింది, అందుకే ఇవాళే రాస్తున్నాను. నీకు తెలియాలి. కారు గ్రొంబాలియా చేరేదాకా దోర్రా ఏడ్చిందట. నజెహ్ ఊరుకోబెట్టలేదు, పాట కూడా పాడలేదు, వీపు నిమురుతూ కూర్చుంది. గ్రొంబాలియా దాటాక ఆమె గొలుసు పట్టుకుని ఆమె మీదే నిద్రపోయిందట. గొలుసు తెగింది. తెగిందని నజెహ్ ఎంత సంతోషంగా రాసిందో చూస్తే నీకు నవ్వొస్తుంది.

నలభై ఏళ్ళలో నా చేతికింద ఎంతమంది టీచర్లు పనిచేశారో లెక్క ఉంది. పిల్లలను తమ దగ్గరికి తీసుకోగలిగినవాళ్ళు వాళ్ళలో చాలామంది. దగ్గరికి తీసుకుని, ఆ దగ్గరితనం చెడకుండా ఇంకొకరి చేతికి ఇవ్వగలిగిన మనిషిని నేను నిన్నే చూశాను. సగం లేచి కూర్చోవడం నాకెవరూ నేర్పలేదు. ఈ మాట నీ ఎదురుగా చెప్పలేను, అందుకే ఉత్తరంలో చెబుతున్నాను. జవాబులో దీని గురించి ఏమీ రాయకు.

అంకెలు అడిగావు.

1. నీ వంటింటి గౌను ఒకటి, దోర్రాకు నీ వాసన తగిలేలా, ఉతకకుండా నాబుల్‌కు పంపు. ఇది నజెహ్ అడిగింది. అడగడానికి ఆమెకు ఎంత ధైర్యం కావాలో తెలుసుకుని, ఆలస్యం చేయకుండా పంపు.

2. ఆదివారాలు పది గంటలకు ఫోన్ చెయ్యి. ముందు నజెహ్‌తో మాట్లాడు. దోర్రాతో మాట్లాడేటప్పుడు అది నజెహ్ ఒళ్ళో ఉండాలి.

3. దోర్రా గదిగదికీ వెళ్ళి నీకోసం వెతుకుతోందని ఏదో ఒక ఆదివారం నజెహ్ చెబుతుంది. నీకు లోపల సంతోషం కలుగుతుంది. అది నీ గొంతులో వినిపించకూడదు. మీ ఇంట్లో ఉండగా నజెహ్ బజారుకు వెళ్ళినప్పుడు, ఆమె కోసం కూడా దోర్రా అలాగే వెతికేదని చెప్పు. వెతికిందా లేదా అని నేను అడగను.

4. హైథమ్‌కు తొమ్మిది నెలలు. వాడి ఎదురుగా రోజూ కనబడే అక్క కనబడకుండా పోయింది, వాణ్ణి ఎవరూ అడగలేదు. ఫోటో వాడి ఎత్తులో గోడకు అంటించి పేరు చెబుతూ ఉండు.

5. ఏడవాలనిపిస్తే స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడవకు. అనీస్ ఎదురుగా ఏడువు. అతనూ ఎనిమిది నెలలు మోశాడు, అతనికీ ఎవరో ఒకరు మొదలుపెట్టాలి.

6. శిశుగృహం వాళ్ళు ఇంకో బిడ్డ కోసం అడుగుతారు. కొత్త సంవత్సరం దాకా ఆగమను. ఆ తర్వాత ఏం చెప్పాలో నువ్వే చూసుకో, ఈ విషయంలో నా సలహాకు ఒకసారి వెల చెల్లించాం.

7. పుస్తకానికి రెండో ప్రతి రాస్తున్నాను. అది నజెహ్ ఇంట్లో ఉంటుంది. దోర్రాకు చదవడం రాగానే దాని వరుస దానిచేతే చదివించాలి, ఇరవై ఒక్క రోజులతో సహా.

8. సెప్టెంబరు 14న మీరు ముగ్గురూ నాబుల్ వెళ్ళాలి. తలుపు తీసేసరికి దోర్రా నిన్ను చూసి నజెహ్ కొంగు వెనక దాక్కోవచ్చు. దాక్కుంటే, నువ్వు చేసిన పని సరిగ్గా కుదిరిందన్నమాట. చేతులు చాచకు, పేరు పెట్టి పిలవకు. నజెహ్ ఇచ్చిన టీ తీసుకుని, పూర్తిగా తాగు.

నీ నాయనమ్మ,
మన్నూబియా